అలాంగ్ ఆగిన చోటు

మణిపూర్‌లోని తమెంగ్‌లాంగ్ జిల్లా చియులువాన్ ఊళ్లో 2025 నవంబరులో మూడు అముర్ డేగల వీపులకు బుల్లి ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిపెట్టారు. మగదాని పేరు అపాపాంగ్. ఆడవాటి పేర్లు అలాంగ్, ఆహు. కొద్ది రోజుల్లోనే మూడూ పత్రికలకెక్కాయి. అపాపాంగ్ ఎక్కడా ఆగకుండా 6,100 కిలోమీటర్లు ఎగిరి 6 రోజుల 8 గంటల్లో కెన్యా చేరింది. ఆహు కాస్త ఉత్తరంగా దారి పట్టి, పశ్చిమ బంగ్లాదేశ్‌లో ఆగి, తర్వాత అరేబియా సముద్రం దాటి సోమాలియా కొసన వాలింది. మూడింట్లోకీ చిన్నది అలాంగ్. దానికిదే మొదటి వలస. 5,600 కిలోమీటర్లు దాటి కెన్యా చేరడానికి 6 రోజుల 14 గంటలు తీసుకుంది. దారిలో రెండుసార్లు దిగింది. మహారాష్ట్రలో మూడు గంటలు. తెలంగాణలో ఒక రాత్రంతా.

పతాక శీర్షికలన్నీ అపాపాంగ్‌కే దక్కాయి. రికార్డంటే మనకు అంత మోజు. పైగా ఆరు రోజులు రెక్క వాల్చని పిట్ట గురించి చదివి నోరెళ్లబెట్టకుండా ఎలా ఉంటారు? అయినా తెలుగు పాఠకుడు ఆ వార్తలో కాస్త నిలబడి చూడాల్సిన చోటు వేరే ఉంది. అలాంగ్ తెలంగాణలో రాత్రి బస చేసిందన్న అర వాక్యం అది. ఏ చెట్టు మీద వాలింది, చుట్టూ ఏ పంట ఉంది, తెల్లారాక ఏం తిని లేచింది అని అడిగినవాళ్లు పెద్దగా కనపడలేదు. ఉపగ్రహ ట్యాగుల మీద పెట్టే ఖర్చూ శ్రమా నిజంగా ఫలించేది ఆ ప్రశ్నల దగ్గరే. పటం మీద చుక్క పడ్డాక ఎవరో ఒకరు కాళ్లకు చెప్పులు తొడుక్కుని ఆ చోటికి వెళ్లి చూడకపోతే, ఎంత గొప్ప ట్యాగయినా వారం రోజుల వినోదమే.

అముర్ డేగ బరువు సుమారు 150 గ్రాములు. చేతిలో ఉండే స్మార్ట్‌ఫోను దీనికంటే బరువు తూగుతుంది. మగది బూడిద రంగులో ఉంటుంది, కాళ్లు ఎర్రటి నారింజ. ఆడవాటికీ పిల్లలకూ తెల్లటి పొట్ట మీద నల్ల చారలు. డేగ అనగానే పావురాన్ని తన్నుకుపోయే పక్షి గుర్తొస్తుంది గానీ దీని తిండి ఎక్కువగా పురుగులే. ఉసిళ్లు, మిడతలు, తూనీగలు దొరికితే చాలు. ఆగ్నేయ సైబీరియా, ఉత్తర చైనా, మంగోలియాల్లో కాకిజాతి పక్షులు వదిలేసిన గూళ్లలో పిల్లల్ని చేస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య భారతంలో లక్షలుగా గుమికూడి కడుపు నింపుకుంటుంది. అక్కణ్నుంచి మన ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా దక్షిణ భాగానికి పోతుంది. రానూపోనూ 20 వేల కిలోమీటర్ల పైమాటే.

సముద్రం మీద ఈశాన్య గాలి దాన్ని వెనకనుంచి తోస్తుంది. అదే గాలిలో, అదే రోజుల్లో పాంటాలా జాతి తూనీగలు కూడా భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా ఆఫ్రికా వైపు పోతున్నాయని మాల్దీవుల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు. డేగలు దారిబత్తెంగా వాటినే పట్టి తింటూ పోతాయేమోనన్న ఆలోచన కూడా అక్కడిదే. నేల కనపడని చోట అన్నం కూడా వెంటే ఎగిరి వస్తుందన్నమాట. ఇంకా రుజువు కావలసిన ఊహే, కానీ ముచ్చటైన ఊహ.

తొలిసారి బయల్దేరిన పిల్లకు ఇంత దారి ఎవరు చెప్పారు? దీని మీద అందరూ ఉదహరించే ప్రయోగం డచ్ శాస్త్రవేత్త పెర్డెక్‌ది. 1958లో ప్రచురించాడు. నెదర్లాండ్స్ తీరంలో వలస పోతున్న స్టార్లింగులను, అంటే మన గోరింకలకు దగ్గరి చుట్టాలను, 11 వేలకు పైగా పట్టి విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలాడు. పెద్ద పక్షులు తమను ఎక్కడికో తెచ్చి పడేశారని పసిగట్టినట్టు దిక్కు మార్చుకుని, తాము ఎప్పుడూ చలికాలం గడిపే ఉత్తర ఫ్రాన్స్, ఇంగ్లండ్ వైపే వెళ్లాయి. పిల్లలు మాత్రం నెదర్లాండ్స్ నుంచి ఎటు పోవాలో స్విట్జర్లాండ్ నుంచీ అటే పోయాయి. చివరికి దక్షిణ ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో తేలాయి. దిక్కూ దూరమూ పుట్టుకతో వస్తాయి, చేరాల్సిన చోటు మాత్రం ఒకసారి వెళ్లొస్తేనే తెలుస్తుంది.

స్టార్లింగుల సంగతి డేగలకు ఉన్నదున్నట్టు వర్తిస్తుందనలేం. అముర్ డేగలు గుంపుగా పోతాయి, పిల్లలు పెద్దల వెంటపడి నేర్చుకునే వీలుంది. అపాపాంగ్ ఆగలేదు, అలాంగ్ ఆగింది కాబట్టి చిన్నవి అలిసిపోతాయని మూడు పక్షులతో సిద్ధాంతం కట్టడం అంతకంటే తొందరపాటు. ఆహు ఆగలేదా ఏం? అయినా ఇంతవరకు ఒప్పుకోవచ్చు: ఎక్కడ దిగితే తిండి దొరుకుతుందో, ఎక్కడ దిగకుండా సాగిపోవడం మేలో పాత కాపుకు తెలుస్తుంది. కొత్తగా వచ్చింది కింద కనపడ్డ నేలను నమ్మి దిగాలి. ఆ నేల మంచిదైతే సముద్రం దాటుతుంది, కాకపోతే లేదు.

ట్యాగులు, పేర్లు, పటాలు అన్నీ ఆర్భాటమే అని కొట్టిపారేయడానికి లేదు. నాగాలాండ్ వోఖా జిల్లాలో దోయాంగ్ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కట్టాక ఏర్పడ్డ జలాశయం చుట్టూ అముర్ డేగలు లెక్కకు మిక్కిలిగా దిగేవి. 2012 అక్టోబరులో అక్కడికి వెళ్లిన బానో హరాలు, రామ్‌కి శ్రీనివాసన్, శశాంక్ దళ్వీ తదితరుల బృందానికి చెట్ల నడుమ ఎత్తుగా కట్టిన చేపల వలలు కనిపించాయి. గూటికి వచ్చే పక్షులూ, లేచి పోయే పక్షులూ వాటిలోనే చిక్కేవి. ప్రాణాలతో కొన్ని, పొగబెట్టి ఆరబెట్టి కొన్ని అమ్మకానికి పోయేవి. ఆ ఒక్క సీజనులో 1,20,000 నుంచి 1,40,000 డేగలు చచ్చి ఉంటాయని వాళ్ల అంచనా. మరుసటి ఏడు గ్రామ సభలు, చర్చి, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు ఒక్క మాట మీద నిలబడటంతో అక్కడ వల వేసినవాడు లేడు. దేశంలో వన్యప్రాణి సంరక్షణకు సంబంధించి ఇంత వేగంగా మలుపు తిరిగిన కథ మరొకటి చూపించడం కష్టం.

ఆ 2013 నవంబరులోనే భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు హంగేరీ నిపుణులతో కలిసి మూడు డేగలకు 5 గ్రాముల ట్యాగులు కట్టారు. నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. ఒకటి రాష్ట్ర ప్రజల పేరు, ఒకటి జిల్లా పేరు, ఒకటి వేటకు పేరుమోసిన ఊరి పేరు. నిన్నటిదాకా వలలు బిగించిన ఊరివాళ్లు తమ పేరు పెట్టుకున్న పిట్ట సోమాలియాలో ఉందా, మంగోలియాలో ఉందా అని ఆరా తీయసాగారు. ఆ తర్వాత మణిపూర్‌లోనూ ఇదే పద్ధతి. 2019లో అక్కడ ట్యాగు కట్టిన చియులాన్, ఇరాంగ్ మరుసటి ఏడు అక్టోబరులో తిరిగి అదే రాష్ట్రానికి వచ్చినప్పుడు పండగే అయింది.

అన్నీ పండగలు కావు. 2018లో అదే తమెంగ్‌లాంగ్‌లో ట్యాగు కట్టి, మణిపూర్ అనే పేరుతో వదిలిన మగ డేగ కొద్ది రోజులకే ఆ చుట్టుపక్కలే చచ్చి దొరికింది. పేరు పక్షికి కవచం కాదు.

ట్యాగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది కూడా చూడాలి. వీపు మీద రెండు రెక్కల నడుమ ఒక సౌరఫలకం, తోక వైపు సన్నటి తీగలా సాగిన యాంటెన్నా. అది పంపే సంకేతాన్ని ఉపగ్రహం పట్టుకుంటుంది, పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టి పక్షి ఎక్కడుందో లెక్కకడతారు. బాగా అందితే పొరపాటు 250 మీటర్ల లోపే. సరిగా అందకపోతే కిలోమీటర్లకు కిలోమీటర్లు. బ్యాటరీ నిలవాలి కాబట్టి చిన్న ట్యాగుల్లో చాలావాటిని పది గంటలు మోగి, తర్వాత రెండు రోజులు మౌనంగా ఎండ తాగేలా అమరుస్తారు. పటాల్లో మనం చూసే అందమైన గీత పక్షి గీసింది కాదు, చుక్కకూ చుక్కకూ మధ్య కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కలిపింది. ఆ గీత కింద ఉన్న ఊళ్ల గురించి ట్యాగుకేమీ తెలియదు.

మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే ట్యాగులది ఇంకో బాధ. రష్యాలో స్టెప్పీ గద్దలకు ఎస్సెమ్మెస్ పంపే ట్యాగులు కట్టారు. 2019లో మిన్ అనే గద్ద వేసవంతా కజకస్తాన్‌లో సిగ్నల్ లేనిచోట తిరిగి, ఉన్నట్టుండి ఇరాన్‌లో ప్రత్యక్షమై, అంతదాకా దాచుకున్న సందేశాలన్నీ అక్కడి రోమింగ్ ధరకు ఒక్కసారిగా వదిలింది. ఒక్కో సందేశానికి 49 రూబుళ్లు. శాస్త్రవేత్తల బడ్జెట్ ఖాళీ. గద్ద ఫోనుకు రీఛార్జ్ చేయండి బాబూ అని జనాన్ని అడుక్కోవాల్సి వచ్చింది. జనం వేశారు, చివరికి ఫోను కంపెనీ కూడా దిగొచ్చి బాకీ వదులుకుంది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ట్యాగు అసలు విలువ తెలియాలంటే అర్జెంటీనా వెళ్లాలి.

కాలిఫోర్నియా ఉత్తర ప్రాంతంలో స్వెయిన్సన్ గద్దలు కొన్నేళ్లుగా వలస పోయినవి పోయినట్టే ఉండిపోతున్నాయని పక్షి శాస్త్రవేత్త బ్రయాన్ వుడ్‌బ్రిడ్జ్ గమనించాడు. గూళ్ల దగ్గర లోపమేమీ కనపడలేదు. 1994లో రెండు గద్దలకు ఉపగ్రహ ట్యాగులు కట్టారు. సంకేతం అర్జెంటీనాలోని లా పంపా మైదానాల్లో ఆగింది. వుడ్‌బ్రిడ్జ్ బృందం పటం మడిచి పక్కన పెట్టి ఆ పొలాలకే వెళ్లింది. గద్దలు రాత్రి వాలే చెట్ల కింద, చేలల్లో వందల కళేబరాలు. ఆ ఒక్క పర్యటనలో కనపడ్డవే దాదాపు 700. తర్వాతి సీజనులో చనిపోయినవి 20 వేల దాకా ఉంటాయని లెక్క వేశారు. మిడతల మీద రైతులు మందు కొట్టారు, ఆ మిడతల్ని గద్దలు తిన్నాయి. ఆ మందు పేరు మోనోక్రోటోఫాస్. తయారీదారు సీబా గైగీ ఆ ప్రాంతం నుంచి మందును వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. మిడతల మీద దాని వాడకాన్ని అర్జెంటీనా ప్రభుత్వం ఆపించింది. గద్దల చావులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. రెండు ట్యాగులు, వాటి వెనక నడిచిన కొన్ని కాళ్లు కలిసి చేసిన పని ఇది.

మోనోక్రోటోఫాస్ పేరు తెలుగు పల్లెకు పరిచయం చేయనక్కర్లేదు. పురుగుమందుల దుకాణంలో 'మోనో' అంటే సరిపోయేది. 2013లో బిహార్‌లోని ఛప్రా దగ్గర మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బడిపిల్లలు చనిపోయింది ఈ మందు వల్లే. కూరగాయల మీద దీన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. రైతులు ఎక్కువగా కొంటూ వచ్చిన 36 శాతం ద్రావణాన్ని కూడా నిలిపేస్తూ 2023లో ఉత్తర్వు ఇచ్చింది. అక్కడితో పురుగుమందుల కథ ముగిసిందా? ఒక డబ్బా పోతే పక్కనే ఇంకోటి ఉంటుంది. తెలంగాణలో పత్తి 40 లక్షల ఎకరాలకు పైగా వేస్తున్నారు. నవంబరులో ఒకపక్క పత్తి తీతలు నడుస్తుంటే, మరోపక్క గులాబీ రంగు పురుగుకు మందు పడుతుంటుంది. అదే సమయానికి తాండూరు, మహబూబ్‌నగర్ వైపు కంది పూత మీద ఉంటుంది. మరుకా మచ్చల పురుగు భయానికి ట్యాంకు భుజానికెత్తుకునే రోజులవే. పురుగులు తిని బతికే డేగ అదే వారాల్లో ఈ నేల మీదుగా పోతోంది.

తెలంగాణలో అముర్ డేగలు మందుతో చస్తున్నాయని దీనర్థం కాదు. అలాంగ్ ఇక్కడ రాత్రి గడిపి క్షేమంగా కెన్యా చేరింది, అది మంచి వార్త. రైతును దోషిగా నిలబెట్టడం కూడా అన్యాయం. పత్తి కాండానికి మందును కుంచెతో బొట్టు పెట్టే పద్ధతిని ఒకప్పుడు వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబితే అమలు చేసి చూపించింది ఈ ప్రాంతపు రైతులే. మందు ఒకపాలు, నీళ్లు నాలుగుపాలు కలిపి లేత కాండానికి పూస్తే రసం పీల్చే పురుగు చస్తుంది, చేలో తిరిగే తూనీగ, సాలీడు మిగులుతాయి. పని ఎక్కువ, కూలీలు దొరకరు అన్న కారణంతో అది వెనకబడింది. పక్షి దిగిన చోటు చూడమనడంలో ఉద్దేశం ఎవరి మీదో కేసు పెట్టడం కాదు. ఏ పొలాలు దానికి పనికొచ్చాయో, ఎందుకు పనికొచ్చాయో తెలుసుకోవడం.

మన దగ్గర వేటపక్షులంటే ఇంకో చిక్కుంది. అడవి, అభయారణ్యం, పులి అన్న వరసలోనే ఆలోచించడం అలవాటైంది. అముర్ డేగలాంటివి దిగేది అడవిలో కాదు. చెలకల్లో, చెరువు గట్లమీద తుమ్మ చెట్లపై, కరెంటు తీగల మీద, ఊరి బయట ఎవరికీ పట్టని బీడులో. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిభూమికి చలికాలంలో పిల్లి గద్దలు వచ్చి రాత్రిళ్లు గడ్డిలోనే పడుకుంటాయి. కాగితాల మీద అలాంటి నేలకు చాలాచోట్ల ఉన్న పేరు బంజరు. బంజరంటే పరిశ్రమకో, లేఅవుట్‌కో ఇవ్వదగ్గ ఖాళీ స్థలమని అర్థం చేసుకునే రోజులివి. ఒక పిల్ల డేగ చీకటి పడ్డాక వాలడానికి ఎంచుకున్న చోటు ఖాళీ స్థలం ఎలా అవుతుందో రెవెన్యూ శాఖ చెప్పాలి.

ఒక అభ్యంతరానికి ఇక్కడే జవాబివ్వాలి. చోట్లు బయటపెడితే వేటగాళ్లకు దారి చూపినట్టే కదా? నిజమే. 2013లో పన్నా పులుల అభయారణ్యం నుంచి వచ్చిన ఒక పులికి కట్టిన జీపీఎస్ కాలర్ సమాచారం చేరే ఈమెయిల్‌ను ఎవరో తెరవడానికి ప్రయత్నించిన ఉదంతం మన దేశంలోనే జరిగింది. అందుకే పక్షి ఎక్కడుందో ప్రత్యక్ష ప్రసారంలా చూపడం తప్పు. అది సముద్రం దాటి వెళ్లిపోయాక, కొన్ని వారాల ఆలస్యంతో, ఆ జిల్లా అటవీ అధికారులకూ వ్యవసాయ శాస్త్రవేత్తలకూ చోటు చెబితే పోయేదేమీ లేదు. పక్షి ఉండదు, చెట్టూ చేనూ అక్కడే ఉంటాయి. చెట్టు కింద డేగ కక్కి పడేసిన ఉండల్లో అరగని మిడత కాళ్లు, తూనీగ రెక్కలు దొరికితే అది ఏం తిన్నదో తేలిపోతుంది.

ఊళ్లలో ముందే నాలుగు మాటలు చెప్పి ఉంచడం కూడా అవసరం. 2013లో టర్కీలోని ఒక పల్లెలో కాలికి ఇజ్రాయెల్ ఉంగరం ఉన్న చిన్న డేగ దొరికితే దాన్ని విశ్వవిద్యాలయానికి పట్టుకెళ్లి ఎక్స్‌రే తీశారు. రిజిస్టరులో ఇజ్రాయెల్ గూఢచారి అని రాసుకున్నారు. లోపల ఏ యంత్రమూ లేదని తేలాక వదిలేశారు. వీపు మీద యాంటెన్నా ఉన్న పిట్ట ఏ నారాయణపేట చేలోనో కూలబడితే మన పోలీస్ స్టేషన్‌లో ఏం రాసుకుంటారో ఊహించడం కష్టం కాదు. పాంగ్తి ఊరివాళ్లకు చెప్పగలిగింది ఇక్కడివాళ్లకు చెప్పలేమా?

అలాంగ్ ట్యాగు పంపిన వివరాలు డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో, శాస్త్రవేత్త సురేశ్ కుమార్ బృందం దగ్గర ఉన్నాయి. ఆ రాత్రి తాలూకు అక్షాంశ రేఖాంశాలు ఇప్పించమని తెలంగాణ అటవీ శాఖ అడగాలి. చేరాక ఆ పొలాన్ని చూడటానికి జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి ఒక కీటక శాస్త్రవేత్తను వెంట తీసుకెళ్లాలి. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ లాంటి పక్షి ప్రేమికుల సంఘాలున్నాయి, ఆదివారం తెల్లారకముందే బైనాక్యులర్లు మెడలో వేసుకుని బయల్దేరే జనం వాళ్లు. నవంబరు రెండో వారం నుంచి చివరిదాకా ఆ చుట్టుపక్కల మండలాల్లో కరెంటు తీగల మీద, చెరువు కట్టల మీద చూడమని వాళ్లకు చెబితే, ట్యాగు లేని డేగలు ఎన్ని దిగుతున్నాయో కూడా లెక్క తేలుతుంది. ట్యాగు ఉన్నది ఒకటి దిగిందంటే లేనివి దాని పక్కనే దిగి ఉండాలి, ఇవి ఒంటరిగా తిరిగే పక్షులు కావు. ఈ పనికి కొత్త పథకం, కొత్త జీవో ఏదీ అక్కర్లేదు. అటవీ శాఖ కార్యాలయం అరణ్య భవన్ నుంచి డెహ్రాడూన్‌కు వచ్చే అక్టోబరు లోపు ఒక ఉత్తరం వెళ్తే సరిపోతుంది.